అంతులేని సెలవులు, అడగని ఫిట్టరు

మా వీధిలో పిల్లాడొకడు విశాఖపట్నంలో కంప్యూటర్ ఉద్యోగంలో చేరాడు. ఆదివారం నా దగ్గరకొచ్చి అరుగు మీద కూర్చుని గొప్పగా చెప్పాడు.

"మా కంపెనీలో సెలవులకి లెక్కలేదు మావయ్యా. ఎన్ని కావాలంటే అన్ని. జీతం కొయ్యరు."

"మరి ఎన్ని వాడేవురా?"

వాడు వేళ్ళు విప్పి, మళ్ళీ ముడిచి, "ఇంకా వాడలేదు" అన్నాడు.

నాకు నవ్వు ఆగలేదు. వాడికి కోపం వచ్చింది. కోపంతో లేచి వెళ్ళిపోయాడు కాబట్టి వాడికి చెప్పవలసింది చెప్పలేకపోయాను. అదే ఇక్కడ రాస్తున్నాను. వాడిలాంటి వాళ్ళు మీలో చాలామంది ఉంటారని నాకు తెలుసు. మీరు ల్యాప్‌టాపుల ముందు కూర్చుని ఈ పాలసీ కొత్తగా వచ్చిందనుకుంటున్నారేమో. అనకాపల్లిలో, చెరకు క్రషర్లు బాగుచేసే ఒక రేకుల షెడ్డులో, ఒళ్ళంతా గ్రీజు పూసుకున్న మేము దాన్ని మీకంటే ముందే అనుభవించాం. నేను ఎనిమిదో తరగతిలో బడి గోడ దూకి లేత్ మిషన్ దగ్గర దిగినవాణ్ణి. రిటైరయ్యేదాకా ఆ మిషన్ దగ్గరే ఉన్నాను. నాకు ఇంగ్లీషు రాదు గానీ సెలవుల గురించి మాత్రం నన్ను ఎవరూ మోసం చెయ్యలేరు.

ముందు పాత పద్ధతి చెప్పాలి. లేకపోతే కొత్తది ఎందుకు అడ్డం తిరిగిందో మీకు తెలియదు.

షెడ్డు యజమానిని మేం పెద్దాయన అనేవాళ్ళం. సెలవు అనే మాట చెవిన పడితే ఆయన కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఎగిరేవాడు. ఏడాదికి ఇన్నని సెలవులు ఉండేవి. అవి ఎప్పుడో అయిపోయేవి. ఆ పైన కావాలంటే అబద్ధమే దిక్కు. ఆ అబద్ధాల డిపార్ట్‌మెంటుకి నేను ఇన్‌చార్జిని. నూకాలమ్మ జాతర వచ్చిందంటే ఎవడికి ఏ జబ్బు రావాలో నేనే పంచేవాణ్ణి. ఒకేరోజు ఇద్దరికి విరేచనాలు పెడితే పెద్దాయనకి అనుమానం వస్తుంది. అందుకని ఒకడికి విరేచనాలు, ఒకడికి పంటినొప్పి, ఒకడికి మేనత్త కొడుకు నిశ్చితార్థం. మా వెల్డర్ రోలుగుంట దాటాక కొండల వారనున్న ఊరివాడు. అబద్ధం ఆడటం చేతకానివాడు. వాడికి సుళువుగా ఉంటుందని ఒకసారి వాళ్ళ నాయనమ్మని చంపేశాను. వాడు సెలవు తీసుకుని వచ్చిన వారంలోనే ఆ నాయనమ్మ నెత్తిమీద పనసకాయ పెట్టుకుని షెడ్డుకి వచ్చింది, మనవడు పనిచేసే చోటు చూద్దామని. పెద్దాయన కుర్చీలోంచి లేచి రెండు చేతులూ జోడించి అడిగాడు.

"పైన ఎలాగుంది తల్లీ? ఎండలు ఇలాగే ఉన్నాయా?"

అంతే. వెల్డర్‌ని తిట్టలేదు. జీతం కొయ్యలేదు. ఆ పనసకాయలో సగం మాత్రం ఇంటికి పట్టుకుపోయాడు.

పెద్దాయన తీరు అది. మొదట "కుదర్దు" అనేవాడు. మనం బతిమాలేవాళ్ళం. "సీజన్లో సెలవేట్రా, సిగ్గులేదా" అనేవాడు. మనకీ కోపం వచ్చేది. ఇంత బతుకూ నీకే ఊడిగం చేశాం కదా అని గొంతు లేచేది. చివరికి "పో, పో, మళ్ళీ నీ మొహం సూపించకు" అనేవాడు. మనం గునుస్తూ వెళ్ళిపోయేవాళ్ళం. దార్లో ఆయన్ని తిట్టుకుంటూ, సెలవు హాయిగా గడిపి వచ్చేవాళ్ళం. ఆ తిట్టుకోవడంలో ఎంత సుఖం ఉండేదో అప్పట్లో మాకు తెలియలేదు.

తర్వాత పెద్దాయనకి గుండె ఆపరేషన్ అయ్యింది. డాక్టర్లు షెడ్డు వైపు వెళ్ళొద్దన్నారు. హైదరాబాదులో పెద్ద ఆఫీసులో ఉద్యోగం చేస్తున్న కూతురు వచ్చి కుర్చీలో కూర్చుంది. గౌనేసుకుని మా ఇనప రజనులో ఆడుకున్న పిల్ల. మేడం అనాలా, అమ్మా అనాలా తేలక మేమంతా "మేడమ్మగారూ" అనేవాళ్ళం. ఆ పిల్ల మంచిది. అది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ కథలో చెడ్డవాళ్ళ కోసం వెతుక్కుని మీ టైము పాడుచేసుకోకండి.

వచ్చిన కొద్ది రోజులకి, ఉగాది వెళ్ళాక, టీ టైములో అందర్నీ పిలిచింది.

"ఇకనుంచి సెలవులకి లెక్క లేదు. ఎవరికి ఎన్ని రోజులు కావాలంటే అన్ని రోజులు తీసుకోండి. కారణం చెప్పక్కర్లేదు. జీతం కొయ్యను. అంతా మీ ఇష్టం."

వెనక డీజిల్ ఇంజనొకటి డుగుడుగుమంటూంది. వెల్డర్ నా చెవిలో అడిగాడు.

"అంటే ఇంక అబద్ధం ఆడక్కర్లేదా మావా?"

"అక్కర్లేదు. నా ఉద్యోగమే పోయింది" అన్నాను.

మొదట్లో బాగానే ఉంది. మంచిని మంచని చెప్పాలి కదా. ఒకడి బిడ్డకి జ్వరం అని ఫోనొస్తే, చేతిలో స్పానర్ అక్కడ పడేసి పరిగెత్తాడు. ఎవర్నీ అడగలేదు, ఎవరి కాళ్ళూ పట్టుకోలేదు. ఇంకొకడి తల్లి పోతే కర్మలు అన్నీ అయ్యేదాకా ఊళ్ళోనే ఉన్నాడు, జీతం పూర్తిగా పడింది. పెద్దాయన రోజుల్లో దినం వెళ్ళగానే ఫోను మోగేది. నిజమైన కష్టం వచ్చినవాడికి ఆ పాలసీ దేవుడిచ్చిన వరం. ఆ మాట ఎవరు కాదన్నా నేను ఒప్పుకోను.

గొడవంతా కష్టం కానిదాని దగ్గర వచ్చింది.

జీడిపిక్కలు ఏరే రోజులొచ్చాయి. మా వెల్డర్‌కి కొండ మీద జీడితోట ఉంది. వాడు మేడమ్మగారు చెప్పిన మాట చెప్పినట్టే అర్థం చేసుకున్నాడు. "సెలవుందన్నారు కదా, పిక్కలు ఏరుకుని వత్తాను" అని చెప్పి వెళ్ళిపోయాడు. పిక్కలు పూర్తిగా ఏరుకుని, ఎండబెట్టుకుని, అమ్ముకుని తీరుబాటుగా వచ్చాడు. మా షెడ్డు మొత్తంలో ఆ పాలసీ అర్థమైంది వాడొక్కడికే. కానీ వాడు లేనన్నాళ్ళూ వాడి వెల్డింగు ఎవరు చేశారు? మేమే. పెద్దాయన ఉంటే ఆయన్ని తిట్టుకునేవాళ్ళం. ఇప్పుడు తిట్టుకోవడానికి వెల్డరే మిగిలాడు.

"రండి రండి అల్లుడుగోరూ, అత్తారింటికాణ్ణించి ఇప్పుడేనా రావడం?"

"కాళ్ళు కడుక్కోండి బాబూ, పీటెయ్యమంటారా?"

వాడు గేటు దాటకముందే మొదలుపెట్టారు. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు గానీ, తర్వాత వాడు సెలవు పెట్టలేదు. వాణ్ణి చూసి మిగతావాళ్ళెవరూ పెట్టలేదు.

మీరు అన్‌లిమిటెడ్ మీల్స్ హోటల్‌కి వెళ్ళే ఉంటారు. మొదటి వాయి అన్నం వడ్డిస్తాడు. రెండోది అడిగితే వేస్తాడు. మూడోసారి అడుగుదామని చూస్తే, ఆ గిన్నె పట్టుకున్నవాడు మన మొహం వంక ఒక చూపు చూస్తాడు. బోర్డు మీద అన్‌లిమిటెడ్ అనే ఉంది. మన కడుపులో ఖాళీ కూడా ఉంది. అయినా "చాలు" అంటాం. ఇంటి దగ్గర లెక్క పెట్టి నాలుగు గరిటెలు పెడితే నాలుగూ తినేసి ఇంకోటి కోసం దెబ్బలాడతాం. లెక్క ఉంటే అది మనది. లెక్క తీసేస్తే అది ఇంకొకడి దయ అయిపోతుంది.

మా షెడ్డులోనూ అదే జరిగింది. ఒళ్ళు కాలిపోతున్నవాడు మాత్ర వేసుకుని వచ్చేవాడు. "ఎందుకొచ్చేవురా?" అంటే, "అయ్యో, మీరందరూ రాలేదేటి?" అనేవాడు. పండగలకి కూడా పూట సెలవే పెట్టారు, అదీ ఒకరి వంక ఒకరు చూసుకుంటూ. మేడమ్మగారు పాపం, "మీరెవరూ సెలవు తీసుకోవట్లేదు, పని అంటే ఎంత ఇష్టమో" అని మురిసిపోయింది. మేం ఆమెకి ఎలా చెప్పగలం? మా ఇష్టాన్ని మాకే వదిలేశారు, అది మోయలేకపోతున్నామని చెబితే ఏ యజమానికైనా అర్థమవుతుందా?

ఇప్పుడు ఫిట్టర్ బావ దగ్గరకి వస్తాను. అసలు ఈ రాతంతా అతని కోసమే.

షెడ్డులో అందరికంటే పెద్దవాడు, నాకంటే కూడా. క్రషర్ ఎక్కడ ఆగిపోయినా రైతులు అతన్నే పంపమనేవారు. మాటలు తక్కువ. నేను రోజంతా వేళాకోళం చేస్తే సాయంత్రానికి ఒకసారి నవ్వేవాడు, అదీ తల అవతలకి తిప్పుకుని. పిల్లల్లేరు. ఇంట్లో అతనూ, భార్యా, అంతే. నేను అతన్ని బావా అనేవాణ్ణి, ఆవిణ్ణి అక్కా అనేవాణ్ణి.

చెరకు నరకడానికి ముందు రోజులవి. చెరకు పిండే రోలర్లన్నీ మా దగ్గరకే వస్తాయి, పళ్ళు అరిగినవి, పగుళ్ళు పట్టినవి. కొండకర్ల రైతొకాయన నేను పని మీద వెళితే ఫిట్టర్ బావకిమ్మని వాళ్ళ ఊరి ఆవలో, అంటే ఆ పెద్ద చెరువులో, పట్టిన చేపలు సంచిలో వేసి ఇచ్చాడు. బావ ఆ రోజు ఉప్మాకలో క్రషర్ బిగించడానికి వెళ్ళాడు. చేపలు పాడైపోతాయని నేనే వాళ్ళింటికి తీసుకెళ్ళాను. వాళ్ళది మేడ మీద వాటా. కింద నిలబడి కేక వేశాను. పైనుంచి అక్క వచ్చింది. మెట్ల మీద కూర్చుని, చేతులు ఊని, ఒక్కో మెట్టే జారుతూ వచ్చింది.

"అదేటక్కా!"

"దిగుతన్నాను తమ్ముడూ. కాళ్ళతో దిగడం మానీసి సానాళ్ళయ్యింది. ఇలాగైతే పడిపోతానని భయం లేదు, ముందే కూకున్నాను కదా" అని నవ్వింది.

నేను సగం మెట్లెక్కి పక్కన కూర్చున్నాను. అప్పుడు చెప్పింది. విశాఖపట్నంలో పెద్ద డాక్టరు రెండు మోకాళ్ళూ మార్చాలన్నాడట. ఖర్చుకి డబ్బు కూడా కుదిరిందట. తేదీ కూడా ఇచ్చారట, వచ్చే వారంలోనే. అది తప్పితే మళ్ళీ వేసవి దాకా ఖాళీ లేదట. ఆపరేషన్ అయ్యాక నెల రోజులైనా పక్కన మనిషి ఉండాలి, లేవదియ్యాలి, నడిపించాలి.

"మరింకేటి? ఎలిపోవడమే కదా!"

"ఎలాగెల్తాం? మీ పెద్దాయన అమ్మాయిగోరు సీజన్లో సెలవివ్వదట కదా తమ్ముడూ. ఈయన అడిగి అడిగి నోరు నొప్పెట్టిందట. పోన్లే, వేసంగి దాకా ఇలాగే జారుకుంటాను."

సంచి నా చేతిలోంచి జారి రెండు మెట్లు దిగింది. చేప ఒకటి బయటకొచ్చింది. దాన్ని లోపల పెట్టే నెపంతో మొహం దాచుకున్నాను. నాకు ఆ మాట ఎందుకు వచ్చిందో తెలియదు, "అవునక్కా, ఆయమ్మ సానా గట్టిది" అనేశాను.

దారిపొడవునా అదే ఆలోచన. ఇదివరకు మేం ఇంటి దగ్గర నిజం చెప్పి షెడ్డులో అబద్ధం ఆడేవాళ్ళం. ఈయన షెడ్డులో ఏమీ అడక్కుండా ఇంటి దగ్గర అబద్ధం ఆడుతున్నాడు.

మర్నాడు అతన్ని టీ కొట్టు వెనక్కి లాక్కెళ్ళాను.

"ఏటి బావా, అక్కకేటి సెప్పేవు?"

అతనికి అర్థమైపోయింది. టీ గ్లాసులోకి చూస్తూ నిలబడ్డాడు.

"నెల్రోజులురా! నానెల్తే ఈ రోలర్లన్నీ ఎవుడి మీద పడతాయి? నీ మీదా, ఆ వెల్డర్ గుంటడి మీదా. ఆడు పిక్కలేరుకోడానికెల్తేనే మనం ఎన్ని మాటలన్నాం?"

"అది వేళాకోళం!"

"వేళాకోళమేలే. నెల్రోజులూ అదే నా మీద సేసుకుంటారు." గ్లాసు తిప్పాడు. "పెద్దాయనుంటే ఇవ్వననేవోడు. నాకూ మండేది. దెబ్బలాడి ఎలిపోయేవోణ్ణి. ఈ పాప మీ ఇష్టం అంటాది. నాకేటిష్టమో నాకెప్పుడూ ఎవురూ అడగలేదురా. ఎలా సెప్పాలో తెలవదు." గొంతు తగ్గించి అన్నాడు. "మరో మాట. నెల్రోజులు నాను లేకపోయినా పన్లు నడిసిపోయేయనుకో. అప్పుడేటి?"

 

నేను వెళ్ళి మేడమ్మగారికి చెప్పాను. ఆమె అదిరిపోయి, వెంటనే అతన్ని పిలిచింది. నేను తలుపు దగ్గరే ఉన్నాను.

"ఆంటీకి ఆపరేషనట కదా, నాకు చెప్పొద్దా? వెళ్ళండి. నెల కాదు, రెండు నెలలు తీసుకోండి."

"సూద్దాం మేడమ్మగోరూ. సీజనయ్యాక."

"సీజన్ గురించి మీకెందుకు? మీ ఇష్టం, మీరెప్పుడంటే అప్పుడు."

"అలాగేనమ్మా" అని బయటకొచ్చి, రోలర్ కింద దూరి పని మొదలుపెట్టాడు. ఆమె నా వంక చూసింది. "ఇంకేం చెయ్యను? వెళ్ళమని గెంటనా?" అంది. నిజంగా బాధపడుతూనే అంది. అప్పుడు నాకు వెలిగింది. గెంటితే ఇతను వెళ్ళడు. ఎదురుగా నిలబడి ఆపితేనే వెళ్తాడు. ఆపడం తెలిసినవాడు ఊళ్ళో ఒక్కడే ఉన్నాడు.

పెద్దాయన ఇంట్లో సోఫాలో కూర్చుని, సౌండు కట్టేసి టీవీ చూస్తున్నాడు. చప్పుడు గుండెకి మంచిది కాదని ఇంట్లోవాళ్ళు రిమోట్ దాచేశారట. సంగతంతా చెప్పాను. "ఒక్కరోజు పని బాబూ. షెడ్డుకొచ్చి మా ఫిట్టర్‌కి సెలవివ్వనని సెప్పాలి" అన్నాను.

ఆయన మొహం ఎలా వెలిగిందో రాయడానికి నేను చదువుకున్నవాణ్ణి కాను.

"సెలవివ్వకపోవడమా? ఒరే, నన్ను ఈ జన్మకి ఇంకెవడైనా ఆ పని అడుగుతాడనుకోలేదురా! చొక్కా ఏదీ?"

"గట్టిగా అరవకండి బాబూ, గుండె..."

"అరవకుండా సెలవెలా మానిపిస్తార్రా?"

మర్నాడు పొద్దున్నే ఆటోలో దిగాడు. పాత ఖద్దరు చొక్కా, చేతిలో కర్ర. గేటు పక్కన ఆయన పాత చోట కుర్చీ వేయించుకున్నాడు. మేడమ్మగారు పరిగెత్తుకొచ్చి, "నాన్నా, నిన్నెవరు రమ్మన్నారు?" అంటే, "నా షెడ్డు చూసుకోవడానికి కూడా నీ పర్మిషన్ కావాలా?" అన్నాడు. ఆమెకి ముందే చెప్పలేదు. చెబితే ఆమె వద్దనేది, లేదా నవ్వేసేది.

ఫిట్టర్ బావ స్పానర్లు సర్దుకుంటున్నాడు. పెద్దాయన గొంతు షెడ్డంతా వినబడేలా లేచింది.

"ఏరా! సీజన్లో నెల్రోజులు సెలవు కావాల్సొచ్చిందా నీకు? కుదర్దు!"

బావ తలెత్తాడు. "నానడగలేదు బాబూ."

"అడగబోతావని తెలుసు. అందుకే ముందే చెప్తున్నాను. ఇవ్వను!"

"అడక్కముందే ఇవ్వననడమేటి బాబూ?"

"మీ ఆవిడ మోకాళ్ళు ఈరోజు నొప్పెట్టాయా? ఏనాటినుంచో ఉన్నవే కదా. ఇంకో ఆరు నెలలు ఆగితే ఏం మునిగిపోతుంది? రోలర్లు ఆగుతాయా? చెరకాగుతుందా?"

మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. నేను లేత్ కట్టేశాను. ఎవరో స్విచ్ నొక్కినట్టు బావ మొహం మారింది. మెడ దగ్గర నరం లేచింది. ఆ నరం నాకు తెలుసు. చాలాకాలంగా చూడలేదు.

"ఏం మునిగిపోద్దా?" అన్నాడు. "మా ఇంటిది మెట్లు కూకుని దిగుతన్నాది బాబూ. నీళ్ళ బకెట్టు మెట్టు మీద పెట్టి, తాను జారి, మళ్ళీ బకెట్టు జార్సి. మీరు సూసేరా? నాను రోజూ సూత్తన్నాను."

"చూస్తే చూడు! సెలవు మాత్రం లేదు!"

"లేదనడానికి మీరెవురు? ఇన్నాళ్ళూ రాత్రనక, పగలనక మీ రోలర్ల కింద పడున్నాను. నా ఇంటిదాని కాళ్ళు మీ చెరకు పాటి సెయ్యవా?"

"ఏట్రా, నోరు లేస్తోంది?"

"లేత్తాది! ఎల్తన్నాను. ఏటి సేసుకుంటారో సేసుకోండి!"

స్పానర్ బల్ల మీద విసిరాడు. చేతులు కూడా తుడుచుకోలేదు. లంచ్ బాక్స్ పట్టుకుని గేటు వైపు నడిచాడు. పెద్దాయన పాత్రలో లీనమైపోయి లేచి నిలబడి, "ఎల్తే మళ్ళీ రాకు!" అని అరిచాడు. ఆ మాట మేం అనుకున్నదాంట్లో లేదు. బావ వెనక్కి కూడా చూడకుండా సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

పెద్దాయన కుర్చీలో కూలబడి రొప్పుతూ నా వంక చూశాడు. "బాగా చేశానా?" అన్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. "ఒరే, ఆడు మెట్ల సంగతి చెప్తుంటే నేనే సెలవిచ్చేద్దునురా. మధ్యలో నోరు కట్టేసుకున్నాను. కొంచెం టీ పట్రా."

మేడమ్మగారు నిలబడిపోయింది. మెల్లగా అంతా అర్థమయ్యాక, ఆమెకి నవ్వు రాలేదు, ఉక్రోషం వచ్చింది.

"నేను ఎంత మర్యాదగా వెళ్ళమన్నాను! నాన్న కసిరితే వెళ్ళాడా? వీళ్ళేం మనుషులు?"

"నువ్విచ్చింది మంచిదేనమ్మా" అన్నాడు పెద్దాయన టీ ఊదుకుంటూ. "కానీ నువ్వు దానంగా ఇచ్చావు. వాడికి పుచ్చుకోవడం రాదు. నా దగ్గర గుంజుకోవడం వచ్చు."

"అంటే ఇకనుంచి అందరికీ లేదని చెప్పాలా?"

"నేనెక్కడ చెప్పాను? నాకంటే మంచి దారి నువ్వే చూడు. రోజూ ఇలా అరవడానికి నా గుండె ఒప్పుకోదు."

ఆమె చూసింది కూడా. పంతం పట్టి ఆలోచించి, తర్వాతి వర్షాకాలం నుంచి కొత్త పద్ధతి పెట్టింది. జబ్బుకీ, చావుకీ, ఇంట్లో కష్టానికీ సెలవులకి తను ముందు చెప్పినట్టే లెక్క లేదు. దానికి తోడు ప్రతివాడికీ ఏడాదిలో ఒక సెలవు వంతు, ఇన్ని రోజులని లెక్క కట్టి. ఆ వంతు వచ్చినవాడు షెడ్డులో అడుగు పెట్టకూడదు. పెడితే వాచ్‌మన్ ఆపేస్తాడు. మేడమ్మగారు అందరికంటే ముందు తన వంతు తీసుకుని, తండ్రిని వెంటబెట్టుకుని ఊళ్ళు తిరిగొచ్చింది. ఇంక ఎవడూ ఎవణ్ణీ అల్లుడుగోరూ అనలేదు, అందరం అల్లుళ్ళమే కదా. వెల్డర్ వంతు సరిగ్గా జీడిపిక్కల రోజుల్లో పడింది. నా వంతు వచ్చినప్పుడు మూడోరోజుకే తోచక గేటు దాకా వెళ్ళాను. వాచ్‌మన్ నన్ను దొంగని చూసినట్టు చూశాడు. మీ కంపెనీల్లో ఇలా గేటు మూసేవాళ్ళు ఉంటే నాకు చెప్పండి, లేకపోతే మీ అన్‌లిమిటెడ్‌ని నేను నమ్మను.

అదంతా తర్వాత. ఆ రోజు సాయంత్రం నేను బావ ఇంటికి పరిగెత్తాను. "పెద్దాయన కోపం తగ్గింది బావా. నెల తీసుకోమన్నాడు, జీతం పడతాదన్నాడు" అన్నాను. అతను ఇంకా కుతకుతలాడుతూనే ఉన్నాడు. "ఆయనిచ్చేదేటి? నాను తీసుకున్నాను" అన్నాడు. నేను అవునన్నాను.

ఆ నెల రోజులూ షెడ్డు నడిచింది. గొప్పగా నడవలేదు. ఉప్మాక క్రషర్ బేరింగు నేను బిగిస్తే, ఒక పూటకే అది కూత పెట్టింది. రైతు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. వెల్డర్ బాగానే నేర్చుకున్నాడు. పనులు ఆలస్యమయ్యాయి, కానీ ఏ చెరకూ పొలంలో ఎండిపోలేదు.

ఆపరేషనై ఇంటికొచ్చాక, ఒక ఆదివారం నేనూ వెల్డరూ పళ్ళు పట్టుకుని చూడ్డానికి వెళ్ళాం. కింది వాటా వాళ్ళు ముందుగది ఖాళీ చేసి ఇచ్చారు, ఆవిడ మెట్లెక్కక్కర్లేకుండా. బావ లుంగీ ఎగ్గట్టి వంకాయలు కోస్తున్నాడు. మమ్మల్ని చూసి మొదట అడిగింది షెడ్డు గురించే.

"ఎలాగున్నాది?"

"సచ్చిపోతన్నాం బావా" అన్నాను. "ఉప్మాక రైతు నీ పేరు తలుసుకుని ఏడుత్తన్నాడు."

తల అవతలకి తిప్పుకుని నవ్వాడు. "మరి ఆగిపోలేదు కదా?" అన్నాడు.

"ఆగిపోలేదు."

"అదీ మంచిదే" అన్నాడు, కాస్త ఆలోచించుకుని. మళ్ళీ వంకాయల మీదకి వంగాడు.

అక్క మంచం దిగి, ఇనప స్టాండు రెండు చేతులా పట్టుకుని లేచి నిలబడింది. బావ కత్తి వదిలేసి పరిగెత్తి వెళ్ళి వెనక నిలబడ్డాడు, పట్టుకోకుండా, పట్టుకోవడానికి సిద్ధంగా. ఆవిడ నా వంక చూసింది.

"తమ్ముడూ, ఈయన సెప్పింది నిజవేనా? పెద్దాయన ఇవ్వనంటే ఎదురు తిరిగేడట. అంతమందిలోనూ నా కాళ్ళ గురించి దెబ్బలాడేడట."

వెల్డర్ నా వంక చూశాడు. వాడికి అబద్ధం చేతకాదు. అక్కర్లేకపోయింది కూడా.

"నిజవేనక్కా" అన్నాడు వాడు. "స్పానర్ ఇసిరీసేడు."

"ఇసిరీసేడా!" అంది అక్క. వెనక్కి తిరిగి మొగుణ్ణి చూడాలనుకుంది గానీ అప్పటికి ఆవిడకి తిరగడం ఇంకా రాలేదు. అందుకని ముందుకే చూస్తూ, స్టాండు ఎత్తి ఒక అడుగు ముందుకి వేసింది.